ఏ కృష్ణుడు బాగున్నాడు?

ప్రశ్న: పరిషత్తు పోటీల్లో నాటకాలు చూసొచ్చి మా వాట్సాప్ గ్రూపులో సమీక్ష రాస్తుంటాను. ఎంత రాసినా కథ చెప్పడమే అవుతోంది. పద్యనాటకమైతే మరీ టెన్షన్, ఆ కథ అందరికీ తెలిసిందే. ఇంకేం రాయాలి?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: తెలిసిన కథను వదిలేయండి. శ్రీకృష్ణ రాయబారానికి సంధి కుదురుతుందేమో చూద్దామని ఎవరూ రారు, తిరుపతి వేంకట కవుల పద్యాలు నోటికొచ్చినవాళ్ళే ముందు వరసల్లో కూర్చుంటారు. ఆ రాత్రి స్టేజీ మీద ఏం జరిగిందో అది రాయండి. రాగం తీస్తుంటే పద్యంలో మాట వినబడిందా, నలిగిపోయిందా? కృష్ణుడు పాడుతున్నంతసేపూ దుర్యోధనుడు వింటున్నాడా, తన వంతు వచ్చేదాకా గాల్లోకి చూస్తున్నాడా? (నేను మొదట చూసేది ఇదే.) హార్మోనియం గొంతును మింగేసిందా, వెనక వరసలకు మాటలు చేరాయా, వన్స్‌మోర్ అన్నది జనమా లేక నటుడి బంధువులా, ఇవన్నీ సమీక్షే.

ఏ నాటక సమాజం, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు ఏ వేషం, ఇవి మాత్రం మర్చిపోవద్దు. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేషం పంచుకుంటారు కదా, ఊరికే ‘కృష్ణుడు అదరగొట్టాడు’ అని రాస్తే ఏ కృష్ణుడండీ? కన్యాశుల్కమైతే ఏం కోసేశారో కూడా చెప్పాలి, ఎందుకంటే 1909 నాటి రెండో కూర్పు మొత్తం ఆడాలంటే ఒక సాయంత్రం చాలదు, ఎవరికి తోచినట్టు వాళ్ళు కుదించుకుంటారు, గిరీశం ఇంగ్లీషు గొప్పలు మిగిలి మధురవాణి సగమైపోయిన ప్రదర్శనకు మధురవాణి కోసం వెళ్ళినవాడు మిమ్మల్నే తిట్టుకుంటాడు.

ప్రశ్న: మా పిల్లలు ఎనిమిదేళ్ళలోపు వాళ్ళు. నాటకం ఎప్పుడూ చూడలేదు. దేనికి తీసుకెళ్ళాలి?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సురభి నాటక సమాజం వాళ్ళ మాయాబజార్. రెండో ఆలోచన వద్దు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబాలు ఇప్పటికీ ఆడుతున్నాయి, పిల్లల వేషాలు వాళ్ళ పిల్లలే వేస్తారు. రంగుల తెరలు, మంటలు, ఘటోత్కచుడి మాయలు చూస్తూ మీ వాళ్ళు కదలరు. మరీ ముందు వరస వద్దు, మాయల వెనకున్న తీగలు కనబడతాయి. పద్యాలు వచ్చినప్పుడు మాత్రం కాస్త విసుక్కుంటారు, అర్థం చెవిలో చెప్పండి, చాలు. సాంఘిక నాటికలకు ఇంకో నాలుగేళ్ళు ఆగండి.