ఎముక విరగలేదు, అయినా అమ్మ మంచం దిగట్లేదు

ప్రశ్న: నమస్తే మేడం, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మాయమ్మకి 71 ఏండ్లు. ఆరు నెలల కింద రాత్రిపూట బాత్రూం గడప దగ్గర జారి పడింది, మేము మిద్దె మీద పడుకోనుంటే వినపడలేదు, అరగంట అట్లనే కింద పడుండాది పాపం. ఎక్స్‌రే తీయించాం, ఎముకలకి ఏం కాలేదన్నారు. కానీ అప్పట్నించి నడవాలంటే భయం. రోజూ ముగ్గేసి గోవిందరాజస్వామి గుడికి పోయొచ్చే మనిషి ఇప్పుడు గోడ తడుముకుంటా బాత్రూంకి మాత్రం పోతుంది, గోడ మీద చెయ్యి మరక గీత లాగా పడిపోయింది. అన్నీ మంచం దగ్గరికే తెచ్చిస్తున్నాం. ధైర్యం చెప్తే ఏడుస్తుంది. ఏం చెయ్యాలి మేడం?

జవాబు: గోడ మీద మరక అన్నారు చూడండి, అక్కడ నా మనసు ఆగిపోయిందమ్మా. ముందు ఒక్క మాట, "ఏం కాలేదు కదా, భయమెందుకు" అని ఆమెతో అనొద్దు. 65 దాటినోళ్ళలో ఏటా నూటికి 28 నుంచి 35 మంది పడుతుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, దెబ్బ తగలకపోయినా చాలామందికి భయం ఉండిపోతుంది. మీ అమ్మకైతే ఆ అరగంట ఉంది. పిలిస్తే ఎవరూ రాలేదు, తనంతట తాను లేవలేకపోయింది, నాకైతే ఆమెను పట్టుకున్నది అదే అనిపిస్తోంది. అందుకని కొన్నాళ్ళు ఎవరైనా కింద పడుకోండి, ఫోనో కాలింగ్ బెల్లో చేతికందేలా పెట్టండి.

మంచం దగ్గరికి అన్నీ తెచ్చివ్వడం ప్రేమే, నాకు తెలుసు. కానీ కదలకపోతే తొడ కండలు కరిగిపోతాయి, అడుగు చిన్నదై కాలు ఈడుస్తారు, తూలు వస్తుంది, మళ్ళీ పడతారు. రేపట్నించి కాఫీ వంటింట్లోనే ఇవ్వండి.

ఎందుకు పడిందో కూడా చూడాలి కదా. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, లేచి నిలబడినాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడండి, పై నంబర్ 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే డాక్టర్‌కి చెప్పాలి. బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు వేసుకుంటుంటే ఆ చీటీలన్నీ చూపించండి, మీరే మాత్రం ఆపేయొద్దు. కంటిపొర, షుగర్ ఉంటే పాదాల తిమ్మిరి కూడా చూపించాలి. బర్డ్, స్విమ్స్ ఆస్పత్రులు మీ ఊర్లోనే ఉన్నాయి, ఒకసారి ఫిజియో దగ్గరికి, అంటే కసరత్తులు నేర్పే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇంట్లో చేతులున్న కుర్చీ గోడకానించి వేసి, లేచి కూర్చోమనండి, పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు, పక్కన మీరుండాలి. వారం తర్వాత వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తించండి. బాత్రూంలో గోడకి స్టీల్ రాడ్ వేయించండి, రాత్రంతా చిన్న బల్బు వెలగనీయండి, గడప దగ్గర గోనెపట్ట గానీ మ్యాట్ గానీ ఉంటే తీసేయండి, వదులు హవాయి చెప్పులు మానిపించి వెనక పట్టీ ఉన్నవి కొనండి.

ఇంకోటి, కింద నుంచి లేవడం ఫిజియో దగ్గర నేర్పించండి, దీన్నెవరూ పట్టించుకోరు గానీ నాకైతే ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పక్కకి తిరిగి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ళ మీదికొచ్చి, పాకుతూ కుర్చీ దాకా పోయి, రెండు చేతులూ దాని మీద పెట్టి, బలమున్న కాలు ముందుకేసి మెల్లగా లేవాలి. మోకాళ్ళ నొప్పులుంటే ఫిజియో వేరే దారి చెప్తారు. ఒకవేళ మళ్ళీ పడి, తుంటి దగ్గర నొప్పి ఉన్నా కాలు కదలకపోయినా లేపొద్దు, 108కి ఫోన్ చేయండి.

కాస్త కుదురుకున్నాక, రద్దీ లేని రోజు చూసుకుని గుడి దగ్గరిదాకా ఆటోలో తీసుకెళ్ళి అక్కడ్నుంచి నడిపించండి. మీరు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకోవద్దు, ఆమెనే మీ మోచెయ్యి పట్టుకోనివ్వండి.