కోపిష్ఠి డిటెక్టివ్‌తో పాఠకులకు ఏం పేచీ?

ప్రశ్న: క్రైమ్ థ్రిల్లర్ నవల రాస్తున్నాను. హీరో హత్య కేసులు చూసే పోలీసు డిటెక్టివ్. బుర్ర చురుకు, నోరు దురుసు, చెయ్యి అంతకంటే దురుసు. మూడో చాప్టర్లో నైట్ వాచ్‌మన్ తిన్నగా జవాబు చెప్పడం లేదని అతని ఫోన్ లాక్కుని గోడకేసి కొడతాడు. చదివిన ఫ్రెండ్స్ ఇద్దరూ ‘వీడెవడ్రా బాబూ, చూస్తేనే చిరాగ్గా ఉంది’ అన్నారు. ఇతని తమ్ముడు హత్యకు గురయ్యాడని ఎనిమిదో చాప్టర్లో చెప్పాను. అయినా వాళ్ల మనసు కరగలేదు. కోపిష్ఠి డిటెక్టివ్‌ని పాఠకులు ఇష్టపడరా? కోపం తగ్గించమంటారా? చాప్టర్లు జత చేస్తున్నాను. – పేరు వేయొద్దన్న పాఠకుడు

జవాబు: తగ్గించకండి. కోపం తీసేస్తే మీ హీరోకి మిగిలేది తెలివి ఒక్కటే. ఉత్త తెలివిగల డిటెక్టివ్‌లు నా టేబుల్ మీద ఇప్పటికే గుట్టగా పడున్నారు.

అలాగని మీ ఫ్రెండ్స్‌ది తప్పనను. నాకూ అతను నచ్చలేదు. చిరాకు ఎక్కడ మొదలైందో చూద్దామని పెన్సిల్ పట్టుకుని మళ్లీ చదివాను. ఫోన్ పగిలిన చోట నాకేమీ అనిపించలేదు, నిజానికి ఉలిక్కిపడి పేజీ తిప్పాను. తిప్పాక వచ్చింది అసలు గొడవ. ఫోన్ ముక్కలవగానే వాచ్‌మన్ గడగడా అన్నీ చెప్పేశాడు, కారు నంబరుతో సహా! పక్కనున్న అసిస్టెంటు ‘మీరు కాబట్టి రాబట్టారు సార్’ అన్నాడు. అక్కడ ఒళ్లు మండింది. డిటెక్టివ్ మీద కాదండీ, మీ మీద. ఓ చిన్న జీతగాడి ఫోన్ పగలగొట్టి, దాని గురించి ఒక్క వాక్యం రాయకుండా, హీరోకి శాలువా కప్పారు.

అతను ఎవరెవరి మీద అరిచాడో వరసగా రాసుకున్నాను. వాచ్‌మన్, కానిస్టేబుల్, మార్చురీ అసిస్టెంటు, హతుడి ఇంటి పనిమనిషి. కమిషనర్ ఫైలు మొహాన విసిరినప్పుడు మాత్రం ‘యస్ సర్’. పైవాళ్ల ముందు పిల్లి, కిందివాళ్ల ముందు పులి. ఇలాంటి బాస్ కింద పనిచేసిన పాఠకుడు అతన్ని ఎందుకు ఇష్టపడతాడు చెప్పండి? ఆ కోపంలో ఒక్క వాటా కమిషనర్‌కి కూడా పంచి, కేసు అతని చేతిలోంచి పోనివ్వండి. నవలకి అవసరమైన టెన్షన్ అక్కడే దొరుకుతుంది.

1971లో వచ్చిన ‘డర్టీ హ్యారీ’ సినిమా ముక్కోపి పోలీసులకు పెద్ద పేరు తెచ్చింది. అందులో హ్యారీ హంతకుడి గాయపడ్డ కాలిని బూటుతో తొక్కి మరీ అడుగుతాడు. వారెంట్ లేకుండా వెతికి తుపాకీ పట్టుకుంటాడు. తీరా చూస్తే ఆ సాక్ష్యం చెల్లదని హంతకుణ్ని వదిలేస్తారు. (ఆ సినిమా చట్టాన్ని చులకన చేసిందని విమర్శకులు అప్పట్లోనే దుమ్మెత్తిపోశారు, అది వేరే సంగతి.) మీ నవలలో ఇలాంటి ఎదురుదెబ్బ ఒక్కటీ లేదు. బయటి ప్రపంచంలోనైతే దీని ఫలితం ఇంకా ఘోరం. ఇంగ్లండ్‌లో 1974 నాటి బర్మింగ్‌హామ్ బాంబు పేలుళ్ల కేసులో ఆరుగురికి యావజ్జీవం పడింది. పోలీసులు కొట్టి ఒప్పించారని వాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ శిక్షలు రద్దయి వాళ్లు బయటికొచ్చేసరికి 1991.

అందుకని మూడో చాప్టర్ ఇలా మార్చి చూడండి. వాచ్‌మన్ జవాబు చెప్పకుండా ఫోన్‌తో ఎందుకు తడబడుతున్నాడు? ఆ రాత్రి గేటు దగ్గర ఆగిన కారుని అతను ఫొటో తీశాడు, అది వెతుకుతున్నాడు. మీవాడు పగలగొట్టింది ఆ ఫొటోనే. వాచ్‌మన్ నోరు మూసుకుపోతుంది. అసిస్టెంటు ఏమీ అనడు, వంగి ముక్కలు ఏరి సిమ్ కార్డు వాచ్‌మన్ చేతిలో పెడతాడు. పన్నెండో చాప్టర్లో మీ డిటెక్టివ్‌కి సంగతి తెలిసి, కొత్త ఫోన్ పట్టుకుని అతనింటికి వెళ్తాడు. క్షమాపణ డైలాగులు వద్దు. వాచ్‌మన్ తలుపు సగమే తీసి, డబ్బా పుచ్చుకుని, మళ్లీ వేసేస్తే చాలు.

అసిస్టెంటుకి ఆ పని ఊరికే ఇవ్వలేదు. షెర్లాక్ హోమ్స్ మాత్రం ఏమంత మర్యాదస్తుడు? పోలీసుల్ని వెక్కిరిస్తాడు, సాటి మనిషి మందబుద్ధిని దాచకుండా ఎత్తిపొడుస్తాడు. అయినా 1893లో రచయిత కానన్ డాయల్ అతన్ని జలపాతంలో పడేస్తే పాఠకులు గోల పెట్టారు, 1903లో మళ్లీ బతికించక తప్పలేదు. అతన్ని భరిస్తూ, నొచ్చుకుంటూ, అయినా వదలని స్నేహితుడు వాట్సన్ పక్కనున్నాడు. మనం నొచ్చుకోవాల్సిన చోట వాట్సన్ ముందే నొచ్చుకుంటాడు కాబట్టి మనకి హోమ్స్ మీద కోపం నిలవదు. మీ అసిస్టెంటు తలూపడం తప్ప ఏమీ చేయడు.

తమ్ముడి హత్య తీసేయండి. థ్రిల్లర్లలో డిటెక్టివ్‌ల ఇంట్లోవాళ్లు బతికి బట్టకట్టడమే గగనమైపోయింది! పైగా అది ఏడు చాప్టర్ల దురుసుతనానికి ఆలస్యంగా తెచ్చిన మెడికల్ సర్టిఫికెట్‌లా ఉంది.

దాని బదులు మీ దగ్గరే మంచి సరుకుంది. ఐదో చాప్టర్లో హతుడి తల్లి చెప్పిందే చెబుతుంటే మీవాడు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, వాచీ చూసుకోలేదు. అన్ని పేజీల్లో నాకు నచ్చిన చోటు అదే. మీరు దాన్ని రెండు లైన్లలో దాటేశారు! రెండు పేజీలు రాయండి. ఆమె ఏం చెబుతుందో, అతను చేతులు ఎక్కడ పెట్టుకుంటాడో రాయండి. ఎవరి దగ్గర అతనికి కోపం రాదో తెలిస్తే, ఎవరి దగ్గర వస్తుందో పాఠకుడే అర్థం చేసుకుంటాడు.

ప్రశ్న: డిటెక్టివ్ నోట బూతులు ఉన్నవున్నట్టు రాయొచ్చా?

జవాబు: పాత్రకి తగినవైతే రాయొచ్చు. కాకపోతే ఉన్నవన్నీ మొదటి చాప్టర్లోనే తిట్టేస్తే, రెండో శవం దొరికినప్పుడు అతని దగ్గర ఏమీ మిగలవు. సీరియల్‌గా మాకు పంపేటట్టయితే ఇంకో మాట. మా ఎడిటర్ గారి కత్తెర చాలా పదును.