అయ్యగారిని క్షమించాలి సరే, మళ్లీ వాక్యం చెప్పనివ్వాలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. స్వతంత్ర సంఘం. మా పాస్టరు అయ్యగారంటే మాకు ఇంట్లో మనిషే. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే, మా పెద్దమ్మాయి పెళ్లి చేసిందీ ఆయనే. పోయిన నెల క్వయిర్‌లో పాడే 20 ఏళ్ల అమ్మాయితో ఆయన తప్పుగా నడుచుకున్నారని బయటపడింది. తండ్రి చనిపోయిన దిగులుతో ప్రార్థన చేయించుకోవడానికి వెళ్లిన పిల్ల. ఫోన్‌లో మెసేజ్‌లు చూపించాక ఆయన పెద్దల ముందు ఒప్పుకున్నారు. మావారు కూడా సంఘ పెద్దే. “ఆయన ఏడ్చి క్షమాపణ అడిగారు, రెండు నెలలు ఆగి మళ్లీ వాక్యం చెప్పనిద్దాం, బయటికి పొక్కితే దేవుని నామానికే అవమానం” అంటున్నారు. అభిషిక్తుల జోలికి పోకూడదని ఇంకొకరు. ఆ పిల్లే వెంటపడిందని ఆడవాళ్లే అంటున్నారు. ఇంటర్ చదివే మా చిన్నమ్మాయి చర్చికి రానంటోంది. నాకు నిద్ర పట్టడం లేదు. ఆయన్ని క్షమించలేకపోతే పాపమా? ఆయన చేతుల మీద తీసుకున్న బాప్తిస్మం చెల్లుతుందా? – ఒక సోదరి

జవాబు: సోదరీ, మీ ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు ఎప్పుడో దొరికింది. 4వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా సంఘాలు ఇదే ప్రశ్న మీద రెండుగా చీలిపోయాయి. హింసల కాలంలో భయపడి లేఖనాలను అధికారులకు అప్పగించిన కాపరులు ఇచ్చే బాప్తిస్మం చెల్లదని దొనాతు వర్గం వాదించింది. హిప్పో పట్టణపు బిషప్ అగస్టీన్ దాన్ని ఒప్పుకోలేదు. బాప్తిస్మం క్రీస్తుది, ఇచ్చే మనిషి పవిత్రత మీద అది ఆధారపడదన్నాడు. సంఘం ఆ మాట మీదే నిలబడింది. మీ బాప్తిస్మం చెల్లుతుంది, మీ అమ్మాయి పెళ్లీ చెల్లుతుంది. ఇన్నేళ్లు ఆయన నోట విని మీరు బలపడిన వాక్యం కూడా అబద్ధం అయిపోలేదు.

ఇక క్షమాపణ. మీ సంఘంలో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. మీరు మనసులో కక్ష పెట్టుకోకుండా ఉండటం ఒకటి. ఆయన్ని మళ్లీ పుల్పిట్ ఎక్కించడం ఇంకొకటి. మొదటిది మీకూ దేవునికీ మధ్య జరిగేది, దానికి సమయం పడుతుంది. నెల తిరక్కుండానే మీకు అది రాలేదని ఎవరూ మిమ్మల్ని దోషిగా నిలబెట్టకూడదు. రెండోది మందను ఎవరి చేతికి అప్పగించాలన్న ప్రశ్న. ఆయన్ని నిండు మనసుతో క్షమించాక కూడా “ఇక మీరు కాపరిగా ఉండకూడదు అయ్యగారూ” అని చెప్పవచ్చు.

ఇలాంటప్పుడు అందరూ పరాయివాడి భార్యను తెచ్చుకున్న దావీదు రాజు పేరెత్తుతారు. “దావీదు పడలేదా, దేవుడు లేపలేదా” అంటారు. నిజమే. కానీ 2 సమూయేలు 12వ అధ్యాయం మొదటి నుంచి చదవండి. నాతాను ప్రవక్త రాజు దగ్గరికి వచ్చి ముందు రాజు గురించి మాట్లాడలేదు. ఒక్క గొర్రెపిల్ల తప్ప ఏమీ లేని బీదవాడి గురించి చెప్పాడు, ఆ పిల్ల అతని ఒళ్లో ఎలా పెరిగిందో, దాన్ని ఎవరు లాక్కున్నారో చెప్పాడు. ఆ తర్వాతే “ఆ మనుష్యుడవు నీవే” అన్నాడు. ఆ కథలో గొర్రెపిల్ల మీద ఒక్క నింద కూడా లేదు. దావీదు “నేను పాపము చేసితిని” అని ఒప్పుకున్నాడు, క్షమాపణ దొరికింది. అయినా ఆ ఇంటి మీదికి వచ్చిన కీడు ఆగలేదు. మీ పెద్దలు దావీదు క్షమాపణ దగ్గర మొదలుపెడుతున్నారు. నాతాను నష్టపోయినవాడి దగ్గర మొదలుపెట్టాడు.

“నేను అభిషేకించినవారిని ముట్టకూడదు” అన్న మాట 105వ కీర్తనలో ఉంది. చోటు లేక ఊరూరా తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు రాజులు హాని చేయకుండా దేవుడు అడ్డం నిలిచాడని ఆ కీర్తన చెబుతుంది. బలవంతుల నుంచి బలహీనులను కాపాడిన వాక్యం అది. దాన్ని తీసుకెళ్లి తండ్రి లేని పిల్ల నోరు మూయించడానికి వాడటం చూస్తే నాకు బాధగా ఉంది, కోపంగా కూడా ఉంది. కాపరుల విషయంలోనే పౌలు తిమోతికి ఏమి రాశాడో మీవారికి చూపించండి: “పాపము చేయువారిని అందరియెదుట గద్దింపుము.”

ఆ అమ్మాయి వెంటపడిందన్న మాట మీ చెవిన పడ్డ ప్రతిసారీ అక్కడే ఆపండి. దుఃఖంలో ఉండి ప్రార్థన కోసం వచ్చిన పిల్ల ఆమె. ఆయనకు వయసుంది, పేరుంది, దేవుని తరఫున మాట్లాడతాడన్న నమ్మకం ఉంది. వాళ్లిద్దరి బలం సమానం కాదు కాబట్టి దీన్ని ప్రేమ వ్యవహారంలా చెప్పుకోవడం అన్యాయం. ఆమెను సంఘం ముందు నిలబెట్టి ఒప్పుకోమనడం గానీ, ఆమె చేత క్షమాపణ చెప్పించడం గానీ జరగనివ్వకండి. ఆ మెసేజ్‌లు, స్క్రీన్‌షాట్లు ఎవరి వాట్సాప్‌లో ఉన్నా ముందుకు పంపవద్దని గట్టిగా చెప్పండి. ఆమె, వాళ్లమ్మ ఏమి కోరుకుంటున్నారో మీరే వెళ్లి వినండి. పోలీసుల దగ్గరికి వెళ్లాలనుకుంటే అది వాళ్ల హక్కు, సంఘం ఆపకూడదు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు వాళ్లకు ఇవ్వండి. మీ సంఘంతో సంబంధం లేని కౌన్సెలర్ దగ్గరికి పంపి, ఆ ఫీజు సంఘం కట్టాలి.

బయటికి పొక్కితే దేవుని నామానికి అవమానం అన్నారు కదా. రవి జకరియాస్ పేరు మీరు వినే ఉంటారు. మద్రాసులో పుట్టి ప్రపంచమంతా తిరిగి వాక్యం చెప్పినవారు. 2017లో ఒక స్త్రీ ఆయన మీద ఫిర్యాదు చేస్తే ఆయన కాదన్నారు, ఆయన పెట్టిన సంస్థ ఆయన్నే నమ్మింది. 2020 మేలో ఆయన చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో, సంస్థే పెట్టించిన విచారణలో ఎంతోమంది స్త్రీలతో ఆయన నడత ఎలాంటిదో బయటపడింది. ఆ స్త్రీని నమ్మనందుకు బోర్డు బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. తొలి ఫిర్యాదునే నిజాయితీగా విచారించి ఉంటే ఆమెకు అన్నేళ్ల నింద తప్పేది. దాచినందువల్ల దేవుని నామం కాపాడబడిందా?

మీది స్వతంత్ర సంఘం అన్నారు కాబట్టి ఒక చిక్కుంది. పైన బిషప్ లేరు, డయోసిస్ లేదు. చాలాచోట్ల ట్రస్టుకు అధ్యక్షుడు పాస్టరే, స్థలం కూడా ఆయన పేరు మీదే ఉంటుంది. అలాంటప్పుడు ఆయన్ని ఆపేదెవరు? ఆయనకు చుట్టాలు, శిష్యులు కాని ఇద్దరు పెద్ద సేవకులను బయటి నుంచి పిలిపించమని మీవారికి చెప్పండి. వాళ్ల ముందు అన్నీ తేలేవరకు ఆయన వాక్యం, ప్రభువు బల్ల, కౌన్సెలింగ్, కానుకల లెక్కలు అన్నిటి నుంచీ పక్కకు ఉండాలి. ‘రెండు నెలలు’ అని ముందే గడువు పెట్టుకోవడం మాత్రం వద్దు. అమ్మాయి పేరు, ఆనవాళ్లు రాకుండా సంఘానికి నాలుగు ముక్కల్లో నిజం చెప్పండి. చెప్పకపోతే ఊరు తనకు తోచినట్టు అల్లుకుంటుంది, చివరికి అదంతా ఆ పిల్ల మీదికే వస్తుంది.

అయ్యగారి పట్ల కృప ఎలా చూపాలంటే, ఆయన్ని ఒంటరిగా వదిలేయకండి. పేరు పోయిన మనిషి ప్రాణం తీసుకునే ప్రమాదం కూడా ఉంటుంది. ఇద్దరు మగవాళ్లు వారం వారం వెళ్లి కూర్చోవాలి. పౌలు గలతీయులకు చెప్పినట్టు “సాత్వికమైన మనస్సుతో”, కానీ నిజం చెబుతూ. ఆయన తన తప్పును పేరు పెట్టి ఒప్పుకుంటున్నారా, లేక శోధన అనీ సాతాను అనీ అంటున్నారా? తిరిగి ఎప్పుడు రావచ్చని అడుగుతున్నారా, లేక ఆ పిల్ల ఎలా ఉందని అడుగుతున్నారా? ఏడుపును చూసి పశ్చాత్తాపం అనుకోకండి, ఈ జవాబులు చూడండి.

అయ్యగారి భార్యను, అమ్మగారిని మరచిపోవద్దు. ఆమె ఏ తప్పూ చేయలేదు, అయినా అందరి చూపులూ ఆమె మీదే ఉంటాయి. పాస్టరుగారి ఇల్లు వెంటనే ఖాళీ చేయించకండి. కొన్ని నెలల ఖర్చు, పిల్లల ఫీజులు సంఘం చూడాలి. మీరు వెళ్లి పక్కన కూర్చోండి, వంట చేసి పెట్టండి. సలహాలు ఇవ్వకండి, భర్తతో ఉండాలో వద్దో ఆమెకు చెప్పకండి.

మీ నిద్ర విషయం తేలిగ్గా తీసుకోవద్దు. తండ్రిలా నమ్మిన మనిషి ఇలా చేస్తే వచ్చేది దుఃఖమే. ఏడవండి. ఇంకా కొన్ని వారాలు ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోండి.

చివరగా మీ చిన్నమ్మాయి. చర్చికి రమ్మని బలవంతం చేయకండి. కొన్నాళ్లు వేరే సంఘానికి వెళ్తానంటే మీరూ తోడు వెళ్లండి. ఆమె కోపంలో న్యాయం ఉంది, ముందు ఆ మాట చెప్పండి. అయితే ఒక సంగతి మీరు రాయలేదు: ఆమె కూడా క్వయిర్‌లో పాడుతుందా? ప్రార్థన అని ఎప్పుడైనా ఒంటరిగా వెళ్లిందా? ఇంట్లో ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని మెల్లగా అడగండి. ఏమి చెప్పినా తిట్టనని ముందే మాట ఇవ్వండి. ఆమెకైనా, సంఘంలో 18 ఏళ్లు నిండని మరే పిల్లకైనా ఏమైనా జరిగి ఉంటే అది పెద్దలు కూర్చుని తేల్చే విషయం కాదు. పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి, తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. ఈ సంగతి మీవారికి కూడా ఈ రోజే చెప్పండి.