వై-ఫై డ్రైవ్‌కు బ్యాకప్ ఆగిపోతోందా? ఆ బొత్తాం నొక్కే ముందు ఇది చదవండి

మ్యాక్ ల్యాప్‌టాప్ నుంచి ఇంట్లోని నెట్‌వర్క్ డ్రైవ్‌కు వై-ఫై మీద టైమ్ మెషీన్ (మ్యాక్‌లోనే ఉండే బ్యాకప్ సాఫ్ట్‌వేర్) బ్యాకప్ మూడు వారాలు సవ్యంగా నడిచిందని, ఆ తర్వాత రోజూ మధ్యలోనే ఆగిపోతోందని, ఇప్పుడు 'మళ్లీ మొదటి నుంచి కొత్త బ్యాకప్ తయారు చేయాలి' అనే సందేశం వస్తోందని మీరు రాశారు. డ్రైవ్ పాడైపోయిందా, కొత్తది కొనాలా అని అడిగారు. ఇప్పుడే ఏమీ కొనకండి. ముఖ్యంగా ఆ సందేశం కింద ఉన్న 'స్టార్ట్ న్యూ బ్యాకప్' బొత్తాన్ని నొక్కకండి. దాన్ని నొక్కితే అప్పటిదాకా పోగైన పాత బ్యాకప్ మొత్తం చెరిగిపోతుంది.

నేను నొక్కాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మా నాన్నగారు వ్యవసాయపు డైరీలు రాసేవారు. విత్తనాల ఖర్చు, కూలీల లెక్క పేజీ మధ్యలో ఉండేవి. వాన పడిన రోజున మాత్రం అంచున పెన్సిల్‌తో 'రెండు దుక్కుల వాన' అనో 'జల్లు' అనో రాసుకునేవారు. వాటన్నిటినీ స్కాన్ చేసి, చూడటానికి బాగుంటాయని అంచులు కత్తిరించి అదే ఫైలుగా భద్రపరిచాను. 1986 డైరీలో పెన్సిల్ రాతలు కూడా ఆ కత్తిరింపులో పోయాయని నాలుగు నెలల తర్వాత తెలిసింది. టైమ్ మెషీన్ గడిచిన 24 గంటలకు గంటకొకటి, గడిచిన నెలకు రోజుకొకటి, అంతకు ముందు కాలానికి వారానికొకటి చొప్పున ప్రతులు ఉంచుతుంది. కాబట్టి కత్తిరించక ముందరి ఫైళ్లు అందులో ఉండి ఉండాలి. కానీ సరిగ్గా వారం ముందు ఆ సందేశం వస్తే, ఆలోచించకుండా సరే అన్నాను. అసలు డైరీ కోసం ఊరికి వెళ్లి పెట్టె తెరిస్తే, అట్టకు అట్ట ఉంది, లోపల కింది సగం చెదలు తినేశాయి. ఆ ఏడాది వానల లెక్క ఇక లేదు.

ఆ సందేశానికి అర్థం డ్రైవ్ చచ్చిపోయిందని కాదు. నెట్‌వర్క్ మీద బ్యాకప్ తీసేటప్పుడు టైమ్ మెషీన్ మీ ఫైళ్లను నేరుగా డ్రైవ్‌లో పెట్టదు. అక్కడ స్పార్స్‌బండిల్ అనే ఒక డిస్క్ ఇమేజ్‌ను (డిస్క్‌లా తెరుచుకునే ఫైలును) తయారు చేసి, దాన్ని చిన్న చిన్న ముక్కలుగా రాస్తుంది. ఆ ముక్కలన్నీ కలిస్తేనే ఒక డిస్క్. రాస్తూ ఉండగా సంబంధం పుటుక్కున తెగితే కొన్ని ముక్కలు కొత్తవి, కొన్ని పాతవి అయి లెక్క తప్పుతుంది. తర్వాత తనిఖీ చేసినప్పుడు ఆ తేడా బయటపడి ఈ సందేశం వస్తుంది. అంటే వెతకవలసింది సంబంధం ఎక్కడ తెగుతోందన్నది.

మా ఇంట్లో అది దొరకడానికి పది రోజులు పట్టింది. రౌటర్ మార్చి చూశాను, డ్రైవ్ సాఫ్ట్‌వేర్‌ను తాజా చేశాను, ఏమీ మారలేదు. చివరికి డ్రైవ్ సెట్టింగుల పేజీలో లాగ్ (జరిగినవన్నీ నమోదయ్యే చిట్టా) తెరిచి, విఫలమైన సమయాలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. దాదాపు అన్నీ మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్యే. ఆ వేసవిలో మా వీధిలో కరెంటు పోయే వేళ అది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, రౌటర్ దాని మీదే నడుస్తుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది. డ్రైవ్ మాత్రం టీవీ పక్కన మామూలు ప్లగ్గులో ఉంది. కరెంటు పోయినా వై-ఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది కాబట్టి నాకు అనుమానమే రాలేదు. రాస్తున్న డ్రైవ్ మాత్రం ఉన్నపళంగా ఆరిపోయేది. దానికి ఒక చిన్న యూపీఎస్ పెట్టి, యూపీఎస్ నుంచి డ్రైవ్‌కు యూఎస్‌బీ తీగ కలిపాను. బ్యాటరీ అడుగంటుతుంటే డ్రైవ్ తనంతట తానే సవ్యంగా మూతపడుతుంది. ఈ సౌకర్యం చాలా నెట్‌వర్క్ డ్రైవ్‌లలో ఉంటుంది, సెట్టింగుల్లో ఆన్ చేయాలి.

మీరు ముందుగా ఆ సందేశంలో 'బ్యాకప్ లేటర్' ఎంచుకోండి. అప్పటినుంచి బ్యాకప్ జరగదు కాబట్టి, ఆలస్యం చేయకుండా ఏదైనా యూఎస్‌బీ డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి దాన్ని కూడా టైమ్ మెషీన్‌లో చేర్చండి. ఒకటికి మించిన డిస్క్‌లకు బ్యాకప్ తీయడం దానికి చేతనవును. తర్వాత ఆటోమేటిక్ బ్యాకప్ ఆపి, డ్రైవ్‌లోని ఆ పాత స్పార్స్‌బండిల్‌ను మరో షేర్డ్ ఫోల్డర్‌లోకి తరలించండి. దెబ్బ మరీ పెద్దది కాకపోతే దాన్ని తెరిచి లోపలి ఫైళ్లు తీసుకోవచ్చు. ఆ తర్వాతే టైమ్ మెషీన్‌లోంచి నెట్‌వర్క్ డిస్క్‌ను తొలగించి మళ్లీ చేర్చండి.

కొత్తగా మొదలుపెట్టే తొలి బ్యాకప్‌ను మాత్రం వై-ఫై మీద వేయవద్దు. సెకనుకు 10 మెగాబైట్లు నిలకడగా అందినా 300 గిగాబైట్లకు 8 గంటల 20 నిమిషాలు కావాలి. పైగా మీ పనికి అడ్డు రాకుండా టైమ్ మెషీన్ మెల్లగానే నడుస్తుంది. అంతసేపట్లో ఎవరో ల్యాప్‌టాప్ మూస్తారు, లేదా వెనకగదిలోకి పట్టుకుపోతారు. 5 గిగాహెర్ట్జ్ వై-ఫై సిగ్నల్ వేగమైనదే గానీ కాంక్రీటు గోడ దాటితే నీరసిస్తుంది. అందుకని ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలపండి, వై-ఫై ఆపండి, చార్జర్ పెట్టి రాత్రంతా అది స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేయండి. లాన్ కేబుల్ పెట్టే చోటు లేకపోతే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. అలాగని డ్రైవ్‌ను విప్పి యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కు నేరుగా తగిలించి తొలి బ్యాకప్ తీయకండి, నెట్‌వర్క్ బ్యాకప్ దానికి కొనసాగింపుగా నడవదు. తొలి ప్రతి పూర్తయ్యాక గంటగంటకూ వెళ్లేది మారిన ఫైళ్లే కాబట్టి వై-ఫై చాలు.

డ్రైవ్ సెట్టింగుల్లో ఆ ఫోల్డర్‌కు టైమ్ మెషీన్ ఆన్ చేసి ఉందో లేదో, ల్యాప్‌టాప్, డ్రైవ్ మాట్లాడుకోవడానికి వాడుతున్న పద్ధతి (ప్రోటోకాల్) ఎస్‌ఎంబీయేనా లేక పాత ఏఎఫ్‌పీనా అని కూడా చూడండి. పాతదైతే మార్చండి. డ్రైవ్‌ను అంకెల చిరునామాతో (ఐపీ అడ్రస్‌తో) చేర్చి ఉంటే, రౌటర్‌లో ఆ చిరునామాను దానికే స్థిరంగా కేటాయించండి. డ్రైవ్ పాస్‌వర్డ్ ఈ మధ్య మార్చి ఉంటే పాతది కీచైన్‌లో (మ్యాక్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోట) మిగిలి ఉండవచ్చు. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉన్నప్పుడు డ్రైవ్ కనిపించకపోవడం కూడా మామూలే. 'డిస్క్ ఇమేజ్ ఇప్పటికే వాడుకలో ఉంది' అని వస్తే పాత సంబంధం సరిగా మూతపడలేదని అర్థం, డ్రైవ్‌ను ఒకసారి సవ్యంగా ఆపి మళ్లీ వేస్తే చాలు.

అంతా కుదిరాక, టైమ్ మెషీన్ తెరిచి మీకు ప్రాణంగా ఉన్న ఫైలు ఒకటి, వారం కిందటిది, మరో ఫోల్డర్‌లోకి తీసి తెరిచి చూడండి. ప్రతి నెలా మొదటి ఆదివారం నేను డైరీల్లోంచి ఒక పేజీని ఇలా వెనక్కి తెచ్చి, అంచుల దాకా చదువుతాను. మెనూ బార్‌లోని టైమ్ మెషీన్ గుర్తును ఆప్షన్ కీ పట్టుకుని నొక్కితే వచ్చే 'వెరిఫై బ్యాకప్స్' కూడా అదే రోజు నడుపుతాను.

మీ డ్రైవ్ ఏ ప్లగ్గులో ఉందో, విఫలమైన సమయాలు ఏమిటో రాయండి. అవి చూస్తే తర్వాత ఎక్కడ వెతకాలో చెప్పగలను.