చూడి ఆవుకు డెక్సా సూది వేయించవచ్చా?

సందేహం: మా జెర్సీ సంకర ఆవు 7 నెలల చూడి. మేత తగ్గించిందని ఊళ్లో వరుసగా 3 రోజులు డెక్సా సూది, రోజుకు 5 మి.లీ. వేశారు. మొదటి రోజు బాగానే మేసింది. ఇప్పుడు మళ్లీ డీలా పడింది. పూటకు 3 లీటర్లిచ్చేది లీటరున్నరకు దిగింది. ఇంకో సూది వేయించమంటారా?

జవాబు: వద్దు. ఎండ, జ్వరం, నొప్పి, ఏది తగిలినా మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథిని కదుపుతుంది. అది వదిలే ఏసీటీహెచ్ హార్మోను మూత్రపిండాల పక్కనున్న అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ అనే ఒత్తిడిని తట్టుకునే హార్మోనును తయారు చేయిస్తుంది. రక్తంలో కార్టిసాల్ చాలినంత చేరగానే అదే పైకి వెళ్లి హైపోథాలమస్‌నూ పిట్యూటరీనీ ఆపేస్తుంది, ట్యాంకు నిండితే బాల్ వాల్వు నీళ్లు కట్టేసినట్టు. డెక్సా, అంటే డెక్సామెథాసోన్, కార్టిసాల్‌లాగే పనిచేసే స్టెరాయిడ్ మందు, దానికంటే సుమారు 25 రెట్లు బలమైనది. మి.లీ.కు 4 మి.గ్రా. ఉండే మందైతే మీ ఆవుకు రోజుకు 20 మి.గ్రా. పడింది. దాన్ని చూసి మెదడు ఏసీటీహెచ్ ఆపేస్తుంది, అడ్రినల్ గ్రంథులు పని తగ్గించుకుంటాయి. మందు ప్రభావం దిగాక అవి తేరుకునేదాకా పశువు నీరసంగానే ఉంటుంది. పాలు తగ్గడానికి కూడా ఈ సూది ఒక కారణం. 3 రోజులే కాబట్టి గ్రంథులు మళ్లీ దారిన పడతాయి. వారాల తరబడి వాడితే కుంచించుకుపోతాయి, అప్పుడు ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే.

అసలు జబ్బు మాత్రం అలాగే ఉంది. డెక్సా జ్వరాన్ని దించి కప్పిపుచ్చుతుంది, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. సంకర ఆవుల్లో నేను ముందు అనుమానించేది థైలేరియా, అంటే పిడుదుల వల్ల వచ్చే రక్తపు జబ్బు. రెండు పూటలా జ్వరం చూసి రాయండి, 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే, లేదా జబ్బ ముందు గడ్డ కోడిగుడ్డంత తగిలితే, చెవి రక్తంతో స్లైడు తీయించండి. పొదుగు వాపు కూడా ఇప్పుడు తేలిగ్గా వస్తుంది, మొదటి ధారలు నల్లటి గుడ్డ మీద పిండి చూడండి.

చూలు సంగతి మరీ ముఖ్యం. నెలలు నిండాక కడుపులోని దూడ సొంత కార్టిసాలే ఈతను మొదలుపెడుతుంది. డెక్సా ఆ పనే బయటి నుంచి చేస్తుంది. చివరి నెలలో 20 మి.గ్రా. ఒక్క సూదికే 2–3 రోజుల్లో ఈనేయొచ్చు, మాయ కూడా తరచూ నిలిచిపోతుంది. మీ ఆవు ఇంకా అక్కడికి రాలేదు, కానీ ఇకపై డాక్టరు చూడకుండా ఏ స్టెరాయిడూ వద్దు.

2 వారాల పాటు టీకాలు, నట్టల మందు, రవాణా అన్నీ ఆపండి. పాలు పెంచాలని దాణా పెంచకండి, 7 నెలలు నిండాయి కదా, జ్వరం లేదని తేలాక వట్టిపోనివ్వండి. ఈలోగా మానం నుంచి జిగురు, రక్తం కనిపించినా, పొదుగు హఠాత్తుగా బిగిసినా అదే రోజు డాక్టరును పిలవండి. ఒకవేళ ఈసుకుపోయి (నెలలు నిండకముందే చూలు పడిపోయి) 12 గంటల్లో మాయ పడకపోతే, బరువు కట్టి లాగించకండి.