గట్టు తగాదాకి దావా వేసే ముందు, అందులో ఏం కోరుతున్నారో చదువుకోండి

పక్క రైతు గట్టు జరిపి మీ పొలంలో కొంత కలిపేసుకున్నాడు, సివిల్ కేసు వేస్తే ఎలా నడుస్తుంది, ఎన్నాళ్లు పడుతుంది అని అడిగారు. మాదీ శ్రీకాకుళం జిల్లానే, నరసన్నపేట వైపు, అచ్చం ఇదే తగాదా. 2010లో మొదలుపెడితే పొలం చేతికొచ్చేసరికి 2022 అయింది. అందులో నాలుగేళ్లు మా పొరపాటు వల్లే పోయాయి కాబట్టి ముందు అది చెప్తాను.

నాన్న కంగారులో ఇంజంక్షన్ దావా ఒక్కటే వేశారు. పొలం మన సాగులో ఉన్నప్పుడు అవతలివాళ్లు అడ్డు రాకుండా ఆపడానికి అది పనికొస్తుంది. మా 18 సెంట్లు అప్పటికే పక్క రైతు దున్ని నాట్లు కూడా వేసేశాడు, పైగా ఆ ముక్క తనదేనని కోర్టులో జవాబు వేశాడు. అలాంటప్పుడు హక్కు మాదని ప్రకటించండి, స్వాధీనం ఇప్పించండి అని కోరాలి. అనాతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే ఈ తేడా వివరంగా చెప్పింది. మాకు తెలిసేసరికి సాక్ష్యాలు మొదలైపోయాయి, ఆ దశలో దావా మార్చాలంటే ముందే ఎందుకు అడగలేకపోయామో కోర్టును ఒప్పించాలి, మేం ఒప్పించలేకపోయాం. చివరికి కొత్తది వేసుకోవడానికి కోర్టు అనుమతి తీసుకునే పాతది వెనక్కి తీసుకున్నాం. ఆ అనుమతి లేకుండా వెనక్కి తీసుకుంటే అదే విషయం మీద మళ్లీ దావా వేయలేరు.

ఇక నడక. దావా, కోర్టు ఫీజు, ఓ.ఎస్. నంబరు (దావాకి కోర్టు ఇచ్చే నంబరు), తర్వాత సమన్లు. సమన్లు అందిన 30 రోజుల్లో అవతలివాళ్లు జవాబు వేయాలి, కోర్టు 90 రోజుల వరకు గడువు ఇవ్వొచ్చు, అసలు రాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే వాళ్లు లేకుండానే కేసు నడుస్తుంది. తేల్చాల్సిన అంశాలు రాసుకున్నాక సాక్ష్యాలు, వాయిదాలు ఎక్కువ తినేది ఇక్కడే. మీ వాంగ్మూలం అఫిడవిట్‌గా రాసిస్తారు గానీ క్రాస్‌లో అవతలి లాయర్ అడిగేవాటికి మాత్రం బోనులో నిలబడి చెప్పాలి. నాలుగు హద్దులూ, సర్వే నంబరూ నాన్న తడుముకోకుండా చెప్పారు, ఎందుకంటే అంతకుముందు వారం రోజులు దస్తావేజు రోజూ చదివించుకున్నారు.

మా కేసును నిలబెట్టింది అడ్వొకేట్ కమిషనర్ (పొలం చూసి రమ్మని కోర్టు పంపే లాయర్) రిపోర్టు. ఆయన సర్వేయర్‌ని తీసుకొచ్చి, ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ పొలం కొలతల పుస్తకం) చూసుకుంటూ గొలుసు లాగితే, పాత సర్వే రాయి పక్క రైతు జరిపిన గట్టుకి అవతల, మట్టిలో దొరికింది. వరి కోతలయ్యాకే కొలిపించండి, చేను నిలబడి ఉంటే గొలుసు సరిగ్గా సాగదు.

2019లో తీర్పు మాకే వచ్చింది. జిల్లా కోర్టుకి అప్పీలు గడువు 30 రోజులు, పక్క రైతు వేశాడు, దాన్ని 2021లో కొట్టేశారు. అయినా పొలం దానంతటదే రాదండీ, ఈ.పి. (తీర్పు అమలు చేయమనే పిటిషన్) వేస్తేనే కోర్టు ఆమీను వచ్చి స్వాధీనం ఇప్పించాడు. మధ్యలో ఆయన దిగొస్తే లోక్ అదాలత్‌లో రాజీ పడండి, కోర్టు ఫీజు తిరిగొస్తుంది, దాని మీద అప్పీలూ ఉండదు. పొలం అమ్మగారి పేరున ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు.

ఇప్పుడు ఆ ముక్క ఎవరు సాగు చేస్తున్నారు, మీ చేతిలో దస్తావేజు ఉందా, పాసుపుస్తకం ఒక్కటేనా? ఇది రాస్తే దావాలో ఏం కోరమని మీ లాయర్ని అడగాలో చెప్తాను.