పారా ఎస్‌ఎఫ్ కోసం ఇప్పటి నుంచే బరువుతో పరుగెత్తాలా?

హన్మకొండలో డిగ్రీ చదివే ఎన్‌సీసీ క్యాడెట్ అడిగిన ప్రశ్న ఇది: సైన్యంలోని ప్రత్యేక దళం పారా ఎస్‌ఎఫ్‌లో చేరాలని ఉంది, రోజూ 15 కిలోల బ్యాగుతో పరుగెత్తొచ్చా?

వద్దు తమ్ముడూ. సైన్యంలో చేరాకే వాలంటీర్‌గా పారా ఎస్‌ఎఫ్‌కి వెళ్తారు, అక్కడ కఠినమైన ప్రొబేషన్ (పరీక్షా కాలం) దాటాలి. అంటే నీకు చాలా టైముంది. ముందు బరువు లేకుండా 5 కిలోమీటర్లు ఆయాసపడకుండా పరుగెత్తు. సైన్యంలో పెట్టే శారీరక పరీక్షల్లో పరుగుతో పాటు నిలువు తాడు ఎక్కడం కూడా ఉంటుంది, అందుకే పుల్‌అప్స్ మానకు.

బరువు మోయడం నడకతో మొదలుపెట్టు. వారానికోసారి 7-8 కిలోలతో భద్రకాళి చెరువు బండ్ మీద నడిస్తే చాలు. అలవాటయ్యాక పద్మాక్షి గుట్ట ఎక్కొచ్చు. దూరం, బరువు రెండూ ఒకే వారంలో పెంచకు.

నాకు అసలు భయం మోకాలి కింద ముందువైపు ఎముక గురించే. నొప్పి వస్తే బొటనవేలితో నొక్కి చూడు. పొడవునా నొప్పిగా ఉంటే కొన్నాళ్లు పరుగు తగ్గించు. ఒకే చోట సూదిలా గుచ్చితే ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. వెంటనే పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించుకో. పంటి బిగువున భరిస్తే నెలల తరబడి మంచానికి అతుక్కుపోతావు.

ఈత కూడా నేర్చుకో. మే ఎండల్లో మాత్రం పరుగు ఉదయం ఏడు గంటలలోపే ముగించి, ఉప్పేసిన మజ్జిగ తాగు.